బంతి ఎక్కడ పగిలింది? టోర్నమెంట్ పెయింట్‌బాల్ రిఫరీలు తయారయ్యే తీరు

గాలి ఒత్తిడితో పేలే గన్లతో రంగు బంతులు కాల్చి ఎదుటి జట్టువాళ్లను అవుట్ చేసే ఆట పెయింట్‌బాల్. దాని టోర్నమెంట్లలో ఒక పాయింట్, అంటే ఒక రౌండు ఆట, మొదలైన తొలి ఐదారు సెకన్లను లెక్కేసి చూస్తే రిఫరీ పని ఎంత చిక్కో తెలిసిపోతుంది. జట్టుకు ఐదుగురు చొప్పున మైదానంలో పది గన్లు ఉంటాయి. అమెరికాలో ఇప్పుడు నడుస్తున్న ప్రధాన లీగు ఎన్‌ఎక్స్‌ఎల్‌లో ఒక్కో గన్ సెకనుకు 10.2 బంతులకు మించి పేల్చకూడదు. ఆ హద్దులోనే ఉన్నారనుకున్నా, అందరూ ఒకేసారి కాలిస్తే సెకనుకు వంద బంతులు. మైదానం పొడవు సుమారు 150 అడుగులు, వెడల్పు 120 అడుగులు. అర ఎకరం కూడా లేని ఆ జాగాలో, ఆ వంద బంతుల మధ్య, ఆటగాళ్లు చాటు కోసం నిలబెట్టిన బంకర్లలో తలా ఒకదాని వైపు పరుగెత్తుతారు. ఎవరికి తగిలింది, ఎవరి మీద పక్క బంకర్ నుంచి తుంపర మాత్రమే పడింది, తగిలినా తగలనట్టు ఆడుతున్నది ఎవరు అన్నది అప్పటికప్పుడు తేల్చాల్సినవాళ్లు గట్టు మీద కూర్చుని ఉండరు. వాళ్లూ అదే జాగాలో, అవే బంతుల మధ్య నిలబడి ఉంటారు.

ఈ పనికి కావాల్సిన రూల్‌బుక్ చదవడం పెద్ద విషయం కాదు. శ్రద్ధ ఉన్నవాళ్లు ఒక వారాంతంలో చదివేసి, పరీక్ష పెడితే పాసైపోతారు. చిక్కంతా మరోచోట ఉంది. ఈ ఆట లోతుపాతులు తెలిసినవాళ్లు ఆటగాళ్లే కాబట్టి రిఫరీలుగా వచ్చేదీ ఎక్కువగా వాళ్లే. ఏళ్ల తరబడి ఆడినవాళ్ల కళ్లు ఒక పద్ధతికి అలవాటు పడి ఉంటాయి. బంతులు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆటగాడు వెతుకుతాడు. అవి ఎక్కడ పగులుతున్నాయో రిఫరీ చూడాలి. గన్ను వదిలేసి ఒంటిని చూడాలి. శిక్షణలో ఎక్కువ భాగం ఈ పాత అలవాటు మాన్పించడానికే పోతుంది.

ఆట పుట్టిన రోజుల్లో ఈ బెడద లేదు. 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, హెనికర్ అనే ఊరి దగ్గర అడవిలో 12 మంది ఆడినదాన్ని తొలి పెయింట్‌బాల్ ఆటగా చెప్పుకుంటారు. చార్లెస్ గెయిన్స్, హేస్ నోయెల్, బాబ్ గర్న్‌సీ దాని వెనక ఉన్న ముగ్గురు. వాళ్లు వాడిన నెల్‌స్పాట్ 007 అనే గన్ అసలు చెట్లకూ పశువులకూ గుర్తులు వేయడానికి చేసింది. ఒక్కో బంతి పేల్చాక మళ్లీ చేత్తో సిద్ధం చేసుకోవాలి. ఆ రోజు గెలిచిన రిట్చీ వైట్ అనే ఫారెస్టర్ అయితే ఒక్క బంతి కూడా పేల్చకుండానే జెండాలన్నీ పట్టుకొచ్చాడు. అంత నింపాదిగా సాగే ఆటలో ఎవరికి తగిలిందన్న తగువు వచ్చినా తీర్చుకోవడానికి తీరిక ఉంటుంది.

టోర్నమెంట్లు వచ్చాక, వాటిలో ప్రైజ్‌మనీ వచ్చాక ఆ తీరిక పోయింది. 1990ల అమెరికాలో ఒక జట్టు ఆడుతుంటే మరో జట్టువాళ్లు రిఫరీలుగా నిలబడటం మామూలుగా జరిగేది. ఆటగాడి చేతికి కట్టిన బ్యాండును రిఫరీ లాగేశాడంటే అతను అవుట్ అని అర్థం. ఈ వారం బ్యాండు లాగినవాడు వచ్చే నెల ఎదుటి జట్టులో ఆడుతుంటాడు. పాత బాకీలు తీర్చుకున్నారన్న అనుమానం రాకుండా అలాంటి ఏర్పాటు ఎంతకాలం నడుస్తుంది? దీనికి తోడు ఆట అడవి నుంచి చదును నేలకు, గాలి నింపిన బంకర్ల మధ్యకు మారింది. 2000ల మొదట్లో రిచ్‌మండ్ ఇటాలియా ఎక్స్‌బాల్ అనే ఫార్మాట్ తెచ్చాడు. పాయింట్ వెనక పాయింట్, మధ్యలో కొద్ది విరామం, చుట్టూ అరిచే ప్రేక్షకులు. ఆట వేగం పెరిగేకొద్దీ రిఫరీయింగ్ వేరే పని అయిపోయింది. దానికి వేరే మనుషులు, వేరే శిక్షణ కావాల్సి వచ్చాయి.

హిట్ అంటే ఏమిటన్నది కాగితం మీద తేలికే. బంతి నేరుగా వచ్చి ఆటగాడి ఒంటి మీద గానీ, అతను తొడుక్కున్న లేదా మోస్తున్న దేని మీద గానీ పగిలి రంగు అంటుకుంటే అవుట్. మాస్కు, బూటు, గన్, గన్ మీద బంతులు నింపే హాపర్, అదనపు బంతులు పెట్టుకుని నడుముకు కట్టుకునే పాడ్లనే గొట్టాలు అన్నీ ఇందులోకి వస్తాయి. తగిలి పగలకుండా ఎగిరిపోతే లెక్కలోకి రాదు. బంకర్ మీదో నేల మీదో పగిలి తుంపర పడినా లెక్కలోకి రాదు. సరదా ఆటల్లో మచ్చ అమెరికా క్వార్టర్ నాణెం అంత, అంటే సుమారు 24 మిల్లీమీటర్లు ఉండాలన్న కొలత చాలాచోట్ల వాడతారు. టోర్నమెంట్‌లో నాణెం పక్కన పెట్టి కొలిచే వ్యవధి ఎవరికీ ఉండదు. బంతి అక్కడే పగిలిందా, ఎక్కడో పగిలి ఇక్కడికి చిందిందా అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే బంతి గురించి కొంచెం తెలిసి ఉండాలి. టోర్నమెంట్ బంతి 0.68 అంగుళాలు, అంటే 17 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. బరువు సుమారు 3 గ్రాములు. పైపొర జెలటిన్, లోపల పాలీ ఇథిలీన్ గ్లైకాల్ ద్రవంలో కలిపిన రంగు. విటమిన్ క్యాప్సూల్స్ చేసే పద్ధతిలోనే దీన్నీ చేస్తారు. గన్ నుంచి సెకనుకు 300 అడుగుల వేగంతో బయల్దేరినా, ఇంత తేలికైన గుండ్రటి వస్తువును గాలి చాలా త్వరగా ఆపేస్తుంది. మైదానం ఆ చివరికి చేరేసరికి వేగం సగానికంటే తక్కువకు పడిపోతుంది. అందుకే దూరం నుంచి వచ్చిన బంతులు చాలాసార్లు ఒంటికి తగిలి పగలకుండా జారిపోతాయి. ఆటగాడికి దెబ్బ తెలుస్తుంది గానీ రంగు ఉండదు. దగ్గర నుంచి పేలిన బంతి మాత్రం దాదాపు తప్పకుండా పగులుతుంది. ఇదంతా వాతావరణంతో మారుతుంది కూడా. జెలటిన్ గాలిలోని తేమ పీలిస్తే మెత్తబడి ఉబ్బుతుంది, చలికి పెళుసుబారుతుంది. ఒకే పెట్టెలోని బంతులు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా పగులుతాయి. అనుభవం ఉన్న రిఫరీ తొలి రెండు మ్యాచ్‌ల్లోనే ఆ రోజు పెయింట్ ఎలా ఉందో పసిగడతాడు. బౌన్సులు ఎక్కువగా ఉన్న రోజున, ఆటగాడు ఉలిక్కిపడ్డాడని చెప్పి చెయ్యెత్తి అవుట్ ఇచ్చేయకూడదని అతనికి తెలుసు.

పెయింట్ చెక్ అనే పని దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది. ఒక ఆటగాడు బంకర్ వెనక మోకాళ్ల మీద కూర్చుని కాలుస్తున్నాడు. అతని వీపు వైపు ఒక బంతి దూసుకొచ్చినట్టు రిఫరీకి కనిపించింది. రిఫరీ వంగి, ఎదుటివాళ్ల గురికి అడ్డు రాకుండా పక్క నుంచి వెళ్లి వీపు, నడుముకున్న పాడ్లు, వాటి మధ్య ఎలాస్టిక్ పట్టీలు, హాపర్ వెనక భాగం, మాస్కు పైభాగం ఒకదాని తర్వాత ఒకటి చూస్తాడు. నేరుగా తగిలిన చోట రంగు మందంగా ముద్దలా ఉంటుంది, మధ్యలో జెలటిన్ పెంకు ముక్కలు అతుక్కుని ఉంటాయి. తుంపర అయితే సన్నటి చుక్కలు, గీతలు, అన్నీ ఒకే దిక్కు నుంచి విసనకర్రలా పరుచుకుని ఉంటాయి. ఆ గీతలు ఎటు చూపిస్తున్నాయో అటు బంకర్ మీద చూస్తే అసలు బంతి పగిలిన మచ్చ దొరుకుతుంది. హిట్ కాదని తేలితే రిఫరీ జేబులోంచి గుడ్డ తీసి ఆ చుక్కలను తుడిచేస్తాడు. తుడవకపోతే ఇంకో నిమిషానికి ఇంకో రిఫరీ వచ్చి వాటినే చూసి అవుట్ ఇవ్వవచ్చు. ఈ మొత్తానికి పట్టాల్సిన సమయం రెండు మూడు సెకన్లు.

పాత కాలపు ఆటల్లో చెక్ అడిగితే ఆ ఆటగాడు న్యూట్రల్ అయ్యేవాడు. చెక్ అయ్యేదాకా అతన్ని కాల్చకూడదు, అతనూ కాల్చకూడదు. జట్లు దీన్ని వాడుకోవడం మొదలుపెట్టాయి, ఎదుటివాడు మీదికి పరుగెత్తుకొస్తున్నాడనగా చెక్ అడిగేవాళ్లు. ఇప్పటి టోర్నమెంట్లలో చెక్ జరుగుతున్నా ఆట ఆగదు. ఆటగాడు కాలుస్తూనే ఉంటాడు, వాడి మీదికి బంతులు వస్తూనే ఉంటాయి. రిఫరీకి కొన్ని తగులుతాయి. మాస్కు, పొడుగు చేతుల చొక్కా ఉంటాయి కాబట్టి ప్రమాదం లేదు, మంట మాత్రం ఉంటుంది. కావాలని రిఫరీని కాల్చితే శిక్ష ఉంది గానీ దారిలో తగిలినదానికి ఎవరినీ ఏమీ అనలేరు.

అన్నిటికంటే చిక్కైన నిర్ణయం ఇంకొకటి ఉంది. తగిలిన సంగతి ఆటగాడికి తెలుసా, తెలియదా? పాడ్ల మీద తగిలిన బంతి ప్లాస్టిక్ మీద ఠప్‌మంటుంది. పరుగులో, గన్ల చప్పుడులో అది తెలియకపోవచ్చు. అలాంటి హిట్‌ను అన్‌ఆబ్వియస్ అంటారు. ఆటగాడిని బయటకు పంపుతారు, అంతే. చేతి మీద, ఛాతీ మీద, మాస్కు అద్దం మీద పగిలినది తెలియలేదంటే ఎవరూ నమ్మరు. అది ఆబ్వియస్ హిట్. అది తగిలాక కూడా ఆడుతూ పోతే వన్ ఫర్ వన్. అతనితో పాటు అతని జట్టులో ఇంకొకరు కూడా మైదానం వదలాలి. ఐదుగురిలో ఇద్దరు ఒక్కసారిగా పోతే ఆ పాయింట్ దాదాపు చేజారినట్టే. రంగు తుడుచుకుంటే శిక్ష ఇంకా పెద్దది. కొన్ని ఫార్మాట్లలో త్రీ ఫర్ వన్ దాకా వెళ్లేది. ఎక్స్‌బాల్ తరహా ఆటల్లో దీనికి శిక్షా సమయం కూడా తోడవుతుంది, తర్వాతి పాయింట్లలో జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి.

కబడ్డీ చూసేవాళ్లకు ఈ తగువు కొత్తేం కాదు. రైడర్ వేలు తగిలిందా లేదా అన్నది తగిలినవాడికి తెలుసు, కానీ చేతులూపుతూ లేదంటాడు. తేడా ఏమిటంటే కబడ్డీలో టచ్ గుర్తు మిగల్చదు, ఇక్కడ రంగు మిగులుతుంది. మిగిలింది కాబట్టి తుడిచేయవచ్చు కూడా. ఒక్క మోచేయి బంకర్‌కు రాసుకుంటే చాలు, సాక్ష్యం పోయినట్టే. పోటీ పెయింట్‌బాల్‌లో మోసం గురించి ఎన్ని కథలున్నాయో లెక్కలేదు. అవన్నీ చెడ్డ ఆటగాళ్ల కథలుగా చెప్పుకుంటారు గానీ, చాలావరకు అవి తక్కువ మంది రిఫరీలున్న మైదానాల కథలు. తన మీద రెండు కళ్లున్నాయని తెలిసినవాడు తుడుచుకునే ముందు ఒకసారి ఆలోచిస్తాడు.

ఆటగాడి మనసులో ఏముందో రిఫరీ చదవలేడు. అందుకే మంచి శిక్షకులు కొన్ని గుర్తులు నేర్పుతారు. తగిలిన చోటు వైపు ఆటగాడు చూశాడా? చూసి వెంటనే చెక్ అడిగాడా, లేక చూసి ఇంకో పది బంతులు కాల్చాడా? ఉన్నట్టుండి బంకర్ వదిలి ముందుకు పరుగెత్తాడా? తనకు తగిలిందని తెలిసినవాడు పోతూ పోతూ ఎదుటివాళ్లలో ఒకరిని తీసుకుపోదామని అలా దూకుతుంటాడు. ఇలాంటివి ఆటగాడిగా ఉన్నప్పుడు తాను కూడా చేసినవాడికి బాగా కనిపిస్తాయి. ఆటగాళ్లను రిఫరీలుగా తీసుకోవడంలో ఉన్న లాభం ఇదొక్కటే అనడం అతిశయోక్తి గానీ, పెద్ద లాభం ఇదే.

ఇక నిలబడే చోటు. కొత్త రిఫరీ తెలియకుండా చేసే పెద్ద పొరపాటు ఆటలో సమాచారం లీక్ చేయడం. ఒక బంకర్ వెనక ఆటగాడు నిశ్శబ్దంగా పాకి దాక్కున్నాడు, ఎదుటి జట్టుకు ఆ సంగతి తెలియదు. రిఫరీ వెళ్లి అతని వెనకే నిలబడితే ఆ దాక్కోవడం వృథా. అలాగే రిఫరీ గబగబా ఒకరి వైపు పరుగెత్తితే, వాడికి తగిలిందన్నమాట అని ఎదుటివాళ్లు ముందుకు దూకేస్తారు. తగల్లేదని చెక్‌లో తేలేసరికి మైదానం మారిపోయి ఉంటుంది. అందుకే సీనియర్లు పాయింట్ నడుస్తున్నంతసేపూ నెమ్మదిగా కదులుతూనే ఉంటారు, ఏ కదలికకూ అర్థం లేదన్నట్టు. రిఫరీ ఒంటిని అడ్డం పెట్టుకుని దాక్కునే ఆటగాళ్లూ ఉంటారు. కాల్పుల దారికి అడ్డంగా నిలబడకుండా, నిలబడ్డా వెంటనే తప్పుకునేలా ఒళ్లు అలవాటు పడాలి. ఇది చెప్తే వచ్చేది కాదు. పాయింట్ తర్వాత పాయింట్ నిలబడితేనే వస్తుంది.

పాయింట్ మొదట్లో, బ్రేక్‌అవుట్ అనే ఆ తొలి పరుగులో, ఒక్కో రిఫరీ ఒక్కో ఆటగాడిని ఎంచుకోవాలి. మైదానానికి ఒక అంచున నేలబారుగా పొడుగ్గా ఉండే బంకర్ వరసను స్నేక్ అంటారు. రెండో అంచున త్రికోణం ఆకారం బంకర్లను ఆ పేరున్న చిప్స్‌ను బట్టి డొరీటో అంటారు. స్నేక్ వైపు రిఫరీ ఆ మూలకు పరుగెత్తే మనిషిని తప్ప మరెవరినీ చూడకూడదు. మధ్యలో ఎంత గోల జరిగినా తల తిప్పకూడదు. గోల ఎక్కడుంటే అక్కడికి చూపు పోవడం మనిషి స్వభావం. కొత్తవాళ్ల తప్పుల్లో చాలా భాగం ఇక్కడే పుడతాయి: నలుగురు రిఫరీలు ఒకే హిట్‌ను చూస్తారు, మిగతా మూడు హిట్లను ఎవరూ చూడరు. అందుకే మ్యాచ్ ముందు హెడ్ రిఫరీ ఎవరి జోన్ ఏదో పంచిపెడతాడు. ఆ పంపకాన్ని పాటించారా లేదా అన్న దాని మీదే పాయింట్ తర్వాత చిన్న చర్చ నడుస్తుంది.

బంకరింగ్ ఇంకో పరీక్ష. ఒకడు ఎదుటివాడి బంకర్ దాకా పరుగెత్తుకెళ్లి దగ్గర నుంచి కాలుస్తాడు, ఎదుటివాడూ కాలుస్తాడు. ఇద్దరి మీదా రంగు ఉంటుంది. ఎవరిది ముందు? బంతి పగిలిన క్షణం నుంచి ఆటగాడు అవుట్. అంతకుముందే అతని గన్ నుంచి బయటపడి గాలిలో ఉన్న బంతి మాత్రం చెల్లుతుంది. అంటే అతను అవుట్ అయ్యాక కూడా, ముందే వదిలిన బంతి వెళ్లి ఎదుటివాడిని అవుట్ చేయవచ్చు. అంతరం పసిగట్టలేనంత దగ్గరైతే ఇద్దరినీ పంపుతారు, దాన్ని ట్రేడ్ అంటారు. పరుగెత్తేవాడిని చూస్తూ ఉండిపోయిన రిఫరీకి ఈ క్రమం దొరకదు. పరుగు ఎక్కడికి వెళ్తుందో ముందే ఊహించి, గమ్యం దగ్గర కళ్లు పెట్టి ఎదురుచూసేవాడికే దొరుకుతుంది.

గన్ల విషయం కొంత పొడిగా ఉంటుంది గానీ వదలడానికి లేదు. మ్యాచ్ ముందు ప్రతి గన్‌నూ బంతి వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద పరీక్షిస్తారు. ఎన్‌ఎక్స్‌ఎల్ హద్దు సెకనుకు 300 అడుగులు. 3 గ్రాముల బంతి ఆ వేగంలో మోసే శక్తి సుమారు 12 జౌళ్లు, రక్షణ లేని కంటిని పోగొట్టడానికి అది చాలు. ఒక్క షాట్ కొలిచి వదిలేస్తే పని జరిగినట్టు కాదు. కాసేపు కాల్చకుండా ఉంచిన గన్‌లో, గాలి ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ సరిగ్గా మూసుకోకపోతే ఆ ఒత్తిడి మెల్లగా పెరిగి, తొలి షాట్ హద్దు దాటుతుంది. తర్వాతివి మామూలుగా ఉంటాయి. అందుకే కొన్ని సెకన్లు ఆగి మళ్లీ కొలవడం, పాయింట్ మధ్యలోనో చివరనో చేతి రాడార్‌తో అకస్మాత్తుగా కొలవడం నేర్పుతారు.

కాల్పుల వేగం కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎలక్ట్రానిక్ గన్లు వచ్చాక ట్రిగ్గర్‌ను ఒక్కసారి నొక్కితే ఒక్క బంతే రావాలన్న నియమాన్ని నిలబెట్టడం రిఫరీల వల్ల కాలేదు. బోర్డులో సాఫ్ట్‌వేర్ దాచి రెండు మూడు బంతులు పేల్చేవాళ్లు, చెవితో విని దాన్ని పట్టుకోవడం అసాధ్యమైంది. చివరికి 2000ల మధ్యలో పీఎస్‌పీ లాంటి లీగులు ర్యాంపింగ్‌ను, అంటే ట్రిగ్గర్ నొక్కినన్ని సార్లకంటే ఎక్కువ బంతులు గన్ తానే పేల్చడాన్ని, చట్టబద్ధం చేసి దానికి సెకనుకు 15 బంతుల పైహద్దు పెట్టాయి. ఆ తర్వాత ఏళ్లలో ఆ హద్దు మెట్టుమెట్టుగా దిగివచ్చింది. రిఫరీ పట్టుకోలేని తప్పును తప్పు కాకుండా చేసి, కొలవగలిగే అంకెను హద్దుగా పెట్టారన్నమాట. ఆ రోజుల్లో చాలామంది దీన్ని లొంగిపోవడం అన్నారు. అమలు చేయలేని నియమం నిజాయితీగా ఆడేవాడినే శిక్షిస్తుంది కాబట్టి అది తెలివైన పనే.

అవుట్, నాటౌట్ నిర్ణయాలన్నిటికంటే పైనుండేది మాస్కు. మైదానంలో ఎవరి మాస్కు ఊడినా, ఆట ఎంత రసవత్తరంగా ఉన్నా, రిఫరీ ముందు ఆ మనిషి ముఖాన్ని కాపాడాలి. చేతులతో, తన ఒంటితో, ఎలాగైనా సరే. పాయింట్ సంగతి తర్వాత. గన్ మైదానం బయటకు వెళ్లేటప్పుడు బ్యారెల్‌కు కవర్ ఉందా, గాలి సిలిండర్ పరీక్ష గడువు దాటలేదా, మాస్కు పెయింట్‌బాల్ కంటి రక్షణకు పెట్టిన ఏఎస్‌టీఎం ఎఫ్1776 ప్రమాణానికి తగ్గదేనా అన్నవి ఈ బాధ్యతలోకే వస్తాయి. సిలిండర్లలో ఒత్తిడి 4500 పీఎస్ఐ దాకా ఉంటుంది కాబట్టి గడువు తేదీ కేవలం కాగితం లాంఛనం కాదు.

ఈ దారిలోకి వచ్చేవాళ్లు సాధారణంగా స్థానిక మైదానంలో వారాంతపు రిఫరీలుగా మొదలవుతారు. పుట్టినరోజు పార్టీలకు వచ్చిన పిల్లలకు మాస్కు తీయొద్దని వందసార్లు చెప్పడం అక్కడి పని. తర్వాత ప్రాంతీయ లీగు. అక్కడ మ్యాచ్‌ల ముందురోజు క్లినిక్ లాంటిది పెడతారు: కొంత రూల్‌బుక్, కొంత మైదానంలో నడక, సైగల సాధన. తొలి ఈవెంట్లలో డెడ్ బాక్స్ దగ్గరో స్కోరు బల్ల దగ్గరో నిలబెడతారు. అవుట్ అయినవాళ్లు వచ్చి నిలబడే చోటే డెడ్ బాక్స్. అక్కడుంటే ఆటగాళ్లు ఏ హిట్‌ను ఒప్పుకుంటారో, దేన్ని తిట్టుకుంటూ వస్తారో తెలుస్తుంది. ఆ పైన కింది డివిజన్ల మ్యాచ్‌లు, సీనియర్ పక్కన నీడలా తిరగడం, సొంతంగా ఒక జోన్. కింది డివిజన్లలో ఆటగాళ్లే కొత్తవాళ్లు కాబట్టి తెలియక చేసే తప్పులెక్కువ, శిక్షలెక్కువ. పై డివిజన్లలో తప్పులు తక్కువ గానీ ప్రతి ఒక్కటీ తెలిసి చేసేదే, దాచడంలో చేయి తిరిగినవాళ్లు చేసేది. అక్కడ నిలబడాలంటే కొన్ని సీజన్లు పడుతుంది.

ఈ శిక్షణలో చాలా త్వరగా నేర్పి తీరాల్సినది రెండు రకాల పొరపాట్ల మధ్య తేడా. తగిలినవాడిని రిఫరీ చూడకుండా వదిలేస్తే, తర్వాత చెక్‌లో దొరకవచ్చు, శిక్ష వేసి కొంతైనా సరిదిద్దవచ్చు. తగలనివాడిని పొరపాటున బయటకు పంపితే మాత్రం అతను ఆ పాయింట్‌లో తిరిగి రాలేడు. అందుకని అనుమానం మీద చెయ్యెత్తకూడదు. అలాగని భయపడి ఎత్తకుండా ఉండిపోతే ఆట మోసగాళ్ల చేతిలోకి పోతుంది. కొత్త రిఫరీలు మొదటి ఒకటి రెండు ఈవెంట్లలో అతిగా పంపేస్తారు, ఎవరో సీనియర్ మందలించాక మరీ ముడుచుకుపోతారు. ఈ ఊగిసలాట ఆగి ఒక కొలమానం స్థిరపడటాన్నే శిక్షణ పూర్తయిందనడానికి గుర్తుగా తీసుకోవచ్చు. ఆటగాళ్లు కఠినమైన రిఫరీని భరిస్తారు, ఉదారంగా ఉన్నవాడినీ భరిస్తారు. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండేవాడిని భరించరు.

పాయింట్ ముగింపు కూడా రిఫరీ చేతిలోనే ఉంది. ఎదుటి జట్టు స్థావరంలోని బజర్ నొక్కితే పాయింట్ వస్తుంది. కానీ నొక్కినవాడి మీద రంగు ఉంటే చెల్లదు. బజర్ మోగగానే అందరూ కేకలేస్తుంటారు, ఆ కేకల మధ్య ఒక రిఫరీ అతన్ని ఆపి తలనుంచి బూట్ల దాకా తిప్పి చూస్తాడు. పాడ్ల మధ్య ఒక మచ్చ కనిపిస్తే ఆ సంబరం అక్కడికక్కడే ఆగిపోతుంది. దీని మీద వాదనలు జరగని టోర్నమెంట్ ఉండదు. జట్టు తరఫున కెప్టెనో కోచో మాట్లాడాలి, అది కూడా హెడ్ రిఫరీతో. మిగతావాళ్ల అరుపులకు జోన్ రిఫరీ బదులివ్వకూడదు. వివరణ అడిగితే చూసింది ఒక్క వాక్యంలో చెప్పాలి: పాడ్ మీద నేరుగా పగిలింది, అంతే. వివరణ పొడుగయ్యేకొద్దీ అది బేరంలా మారుతుంది.

డబ్బు సంగతి దాచి ప్రయోజనం లేదు. ఈ పని రోజు లెక్కన వచ్చే కొద్ది మొత్తం, బస, భోజనం చుట్టూనే తిరుగుతుంది. ప్రో మైదానాల్లో నిలబడేవాళ్లలో కూడా ఎక్కువమందికి సోమవారం నుంచి శుక్రవారం దాకా వేరే ఉద్యోగాలుంటాయి. పొద్దున్నే మొదలై సాయంత్రం దాకా ఎండలో, మాస్కు లోపల చెమటతో, రంగు పడి జారే గడ్డి మీద పరుగులు. సీజన్ చివరి పెద్ద ఈవెంట్ వరల్డ్ కప్ ఫ్లోరిడాలో నవంబరులో జరుగుతుంది, అప్పటికి కూడా అక్కడ ఉక్క పోయి ఉండదు. ఇంత చేసి అందరి చేతా తిట్లు. ఫలితంగా, చూపు పదునెక్కే వేళకు చాలామంది మానేస్తారు. కొత్తవాళ్లతో మళ్లీ మొదలు. రిఫరీయింగ్ బాగాలేదని ఆటగాళ్లు ఏళ్లుగా చేసే ఫిర్యాదుకు మూలం శిక్షణ లోపం కంటే ఈ వలసలోనే ఎక్కువగా ఉంది. ఎంట్రీ ఫీజు పెంచి రిఫరీలకు ఇవ్వమంటే అదే ఆటగాళ్లు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆట ఇంకా పోటీ రూపం తీసుకోలేదు. హైదరాబాద్ శివారు రిసార్టుల్లో ఆఫీసు టీమ్ అవుటింగ్‌లకు, కాలేజీ పిల్లల వారాంతాలకు పెయింట్‌బాల్ ఉంటుంది. అక్కడ నిలబడే ఇన్‌స్ట్రక్టర్ పని భద్రత చూసుకోవడం, బంతులు లెక్కపెట్టి ఇవ్వడం. ఎవరు అవుట్ అన్నది ఆడేవాళ్లే నవ్వుకుంటూ తేల్చుకుంటారు, తేలకపోయినా నష్టం లేదు. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి వారాంతాల్లో ఆడే తెలుగువాళ్లకు మాత్రం దారి దగ్గరే ఉంది. ప్రాంతీయ లీగులకు రిఫరీల కొరత ఎప్పుడూ ఉంటుంది. సొంత మాస్కు తెచ్చుకుని, రూల్‌బుక్ చదివి, రోజంతా నిలబడతానన్నవాళ్లను నిర్వాహకులు కాదనడం అరుదు. తాను ఆడే డివిజన్ కాకుండా వేరే డివిజన్ మ్యాచ్‌లు అడిగి తీసుకోవడం మంచిది. తెలిసిన జట్టు మైదానంలోకి వస్తే ఆ సంగతి హెడ్ రిఫరీకి ముందే చెప్పేసి జోన్ మార్చుకోవడం ఇంకా మంచిది. తొలి రోజు దొరికేది ఎలాగూ డెడ్ బాక్స్ డ్యూటీయే.